బిందె పోయిన రోజు

చిరంజీవులు ఇద్దరికీ,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న మీరిద్దరూ దెబ్బలాడుకున్న సంగతి మీ అమ్మ చెప్పింది. హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో ఉంటున్న, బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లింలను వెంటనే పంపించేయాలని ఒకరు, పాపం ఎక్కడికి పోతారని ఇంకొకరు. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే గొడవట. ఫోన్‌లో చెబితే నన్ను మాట పూర్తి చెయ్యనివ్వరు, అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నేనూ బర్మా నుంచి వచ్చినదాన్నే కదర్రా. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగం పోయాడు. రంగూన్‌ని మనవాళ్లు రంగం అనేవారు. ఒకప్పుడు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడలెక్కి వెళ్లేవారు కాబట్టి అక్కడ తెలుగువాళ్లందరికీ కోరంగీలని పేరు పడింది. ఆ మాట మర్యాదగా ఏమీ అనేవారు కాదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో మన కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల బదులు బర్మా వాళ్లను పనిలోకి దించాయి. సమ్మె తేలిపోగానే ఇక మీరు వెళ్లొచ్చని ఆ బర్మా వాళ్లను పంపేశాయి. ఆ కోపం కంపెనీల మీదికి పోలేదు, మన కూలీల మీదికి మళ్లింది. వంద మందికి పైగా చచ్చిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. తాత బస్తాల వెనక రెండు రాత్రులు దాక్కున్నాడట. కానీ ముసలితనంలో కూడా ఆయన బర్మా వాళ్లను తిట్టడం నేను వినలేదు. "ఆళ్ల పొట్ట కొట్టారు, మా తల పగిలింది" అనేవాడు.

ఇంకో సంగతి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా మన ఇండియా వాళ్లే. సొంత ఊళ్లో తామే తక్కువైపోతే ఎవరికైనా గుబులు పుడుతుంది. భయపడేవాళ్లందరినీ చెడ్డవాళ్లని కొట్టిపారెయ్యకండి.

1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. తర్వాత కొట్లన్నీ సర్కారువైపోయాయి. 1964 మే 17న యాభై, వంద చ్యాట్‌ల నోట్లు చెల్లవన్నారు. మా నాన్న కిరాణా కొట్టు, దాచుకున్న డబ్బు రెండూ పోయాయి. ఓడ ఎక్కేముందు అమ్మ చెవికమ్మలు కూడా తీయించేశారు. రంధ్రాలు పూడిపోకుండా చీపురుపుల్లలు పెట్టుకుని విశాఖపట్నంలో దిగింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

కంచరపాలెం బర్మా క్యాంపు మీరు చూశారుగా. ఇప్పుడు చూస్తే నమ్మరు గానీ, అప్పుడు వీధి కుళాయి దగ్గర మమ్మల్ని చూసి బిందెలు పక్కకి జరుపుకునేవారు. ఏ జబ్బు మోసుకొచ్చామోనని.

అలాంటి రోజుల్లో ఒకావిడ ఇత్తడి బిందె కుళాయి వరసలోంచి పోయింది. సాయంత్రానికి నలభై, యాభై మంది క్యాంపు మీదికొచ్చారు. ప్రతి ఇల్లూ వెతుకుతాం, దొరక్కపోతే అందరినీ తరిమేస్తాం అని కేకలు. నాన్న చేతులు జోడించి ఒక్క రాత్రి గడువు అడిగాడు.

దొంగతనం చేసింది మావాడే. పదహారేళ్ల గుంటడు, పాత సామాన్ల కొట్లో అమ్మేశాడు. తెల్లారేసరికి క్యాంపు పెద్దలకి తెలిసిపోయింది. వాళ్లలో సగం మంది బిందె డబ్బులు చందా వేసుకుని ఇచ్చేద్దాం, పిల్లాడి పేరు బయటికి రానివ్వొద్దు అన్నారు. నాన్న వినలేదు. వాడి చెయ్యి పట్టుకుని స్టేషన్‌కి నడిపించుకు వెళ్లాడు. వాడి తల్లి మా గుమ్మంలో కూర్చుని మట్టి ఎత్తిపోసింది. "పరాయి ఊళ్లో మనోడిని నువ్వే అప్పజెప్తావా?" అని. "దాస్తే రేపట్నుంచి మనందరం దొంగలమే" అన్నాడు నాన్న.

అక్కడి హెడ్ కానిస్టేబుల్‌గారు ఆ కుర్రాడి పేరు ఒక్కటే రాసుకున్నారు. వీధివాళ్లు అక్కడికీ గుంపుగా వచ్చారు. "దొంగ దొరికాడు. ఇంక మీరు ఎవరి కోసం వచ్చారు?" అని అడిగారాయన. ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు.

తర్వాత అందరం కలిసిపోయామని చెబితే అబద్ధం. ఆ బిందె ఆవిడ రెండేళ్లు మాతో మాట్లాడలేదు, ఆ కుర్రాడి తల్లి పదేళ్లు మాట్లాడలేదు. కానీ కుళాయి వరసలో మా బిందెలకి చోటు దొరికింది.

ఇక బాలాపూర్ సంగతి. వాళ్లదీ మాదీ ఒక్కటే కథ అని నేననను. మేం ఇండియా వాళ్లమని కాగితం ఉంది, మమ్మల్ని తీసుకురావడం మన సర్కారు బాధ్యత. వాళ్లకి ఏ దేశమూ లేదు. 1982లో బర్మా చేసిన చట్టంతో పౌరసత్వం పోయింది. 2017లో సైన్యం ఊళ్లు తగలబెడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. హైదరాబాద్‌లో కొన్ని వేల మంది ఉన్నారు, అంతకు ముందు నుంచే వస్తున్నారు. చాలామంది దగ్గర ఐక్యరాజ్యసమితి కార్డు ఉంటుంది. కానీ శరణార్థుల కోసం 1951లో రాసుకున్న ఒప్పందంలో మన దేశం సంతకం చెయ్యలేదు. సర్కారు దృష్టిలో వాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లే.

తప్పుడు కాగితాలతో ఆధార్ తీసుకున్నారని కొందరి మీద కేసులూ పడ్డాయి. పడాల్సిందే. మరి ఆ కార్డు చేసిపెట్టి డబ్బు తీసుకున్న బ్రోకర్ మాటేమిటి? మీ గ్రూపులో వాడి గురించి ఎవరైనా ఒక్క ముక్క రాశారా? సరిహద్దు కాపలా ఉండాలి, వచ్చినవాళ్ల లెక్కా ఉండాలి. ఎవరు ఎక్కడ ఉంటున్నారో రాసి ఉంటే మీ వీధికీ ధైర్యం, కూలి ఎగ్గొట్టే మేస్త్రీకీ భయం. లెక్క లేనివాడిని ఎవడైనా వాడుకుంటాడు. కానీ ఇల్లు తగలబెట్టినవాళ్ల చేతికే మళ్లీ అప్పగించమంటే నా నోరు రాదు. పక్క గుడిసెలో పుట్టిన పసిదాన్ని ఏ కేసు కింద రాస్తారు చెప్పండి?

నా మాట మీకు నచ్చకపోవచ్చు. వచ్చినప్పుడు దెబ్బలాడండి, ఇద్దరూ ఒకవైపు చేరినా సరే. ఖౌస్వే, అదే బర్మా నూడుల్స్, వండి పెడతాను. ట్రంకు పెట్టెలో ఓడ నాటి కాగితం ఇంకా ఉంది, మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించాను. అందులో నా పేరు తప్పు రాశారు. ఆ తప్పు పేరుతోనే మాకు మొదటి రేషన్ కార్డు వచ్చింది.

మీ
అమ్మమ్మ