బోటు మీటరుకు కేబుల్ ఉండదన్నా

వరద నీళ్లొచ్చి గండికోట, మైలవరం జలాశయాలు నిండే రోజుల్లో నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, స్పీడ్ మీటర్ సచ్చిపోయింది. కేబుల్ తెగినట్టుంది. కొత్త మీటర్ ఎంత పడుతుంది?" ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. బోట్ల ఇంజిన్ల దగ్గరికి రాకముందు నేనూ జమ్మలమడుగులో బైకు మెకానిక్‌నే. పాత రకం బైకులో ముల్లు ఆగిందంటే ముందు చక్రం దగ్గర కేబుల్ తెగిందనే అర్థం. అదే లెక్క బోటుకూ వేస్తారు. డాష్‌బోర్డు వెనక చెయ్యి పెడితే నల్లటి సన్న తీగ ఒకటి తగులుతుంది, ఇంకేముంది, కేబులే అనుకుంటారు.

అది కేబుల్ కాదు. ఉత్త గొట్టం. లోపల ఏమీ తిరగదు.

అవుట్‌బోర్డ్ ఇంజిన్‌ను, అంటే బోటు వెనక బయటికి తగిలించే ఇంజిన్‌ను, పైకి లేపి చూడండి. నీళ్లలో మునిగే కింది భాగానికి ముందంచున అగ్గిపుల్ల దూరేంత రంధ్రం ఉంటుంది. కొన్ని బోట్లకు అదే రంధ్రం వెనక చెక్కకు బిగించిన చిన్న ప్లాస్టిక్ ముక్కలో ఉంటుంది. బోటు ముందుకు పోతుంటే నీళ్లు ఆ రంధ్రంలోకి తోసుకొస్తాయి, గొట్టంలోని గాలిని నొక్కుతాయి, ఆ ఒత్తిడికి మీటరులో ముల్లు లేస్తుంది. అంటే మీ ముందున్నది ప్రెషర్ గేజి, దాని ముఖం మీద కిలోమీటర్లు అచ్చేశారంతే. 1732లో ఆన్రీ పిటో అనే ఫ్రెంచి ఇంజనీరు పారిస్‌లో సెన్ నది ప్రవాహాన్ని కొలవడానికి కనిపెట్టిన ఉపాయం ఇది. విమానాలకూ ఇదే ఉంటుంది, కాకపోతే అక్కడ గాలి తోస్తుంది.

ఇది అర్థమైతే సగం డబ్బు మిగిలినట్టే. ముల్లు కదలడం లేదంటే ఒత్తిడి మీటరు దాకా రావడం లేదు. ఎక్కువసార్లు తప్పు కింద రంధ్రంలో ఉంటుంది, లేకుంటే మధ్యలో గొట్టంలో ఉంటుంది. మీటరు వంతు ఆఖర్న. మనవాళ్లు మాత్రం మొదట మార్చేది దాన్నే.

మన దగ్గర ఇంకో గొడవ కూడా ఉంది, నల్లరేగడి. నీళ్లు తగ్గగానే బోటును గట్టుకు లాగి, ఇంజిన్ కాలు బురదలోనే ఉంచి వెళ్లిపోతారు. రేగడి ఎండితే సిమెంటే. ఒకాయన రెండు సీజన్లలో రెండు కొత్త మీటర్లు కొని, మూడోది కొనే ముందు నా దగ్గరికొచ్చాడు. పాపం, బోటు అప్పు మీద నడుస్తోంది, మనిషి మొహంలో టెన్షన్ తెలిసిపోతోంది. రంధ్రంలో రెండు చుక్కల నీళ్లు వేసి కాసేపు నాననిచ్చాను. సన్నటి రాగి తీగ పెట్టి మెల్లగా తిప్పితే పెసరగింజంత నల్లటి గడ్డ ఊడి నా అరచేతిలో పడింది. దాని వెనకే గొట్టంలో నిలిచిన నీళ్లు బుడుక్కున కారాయి. అంతే రిపేరు. ఆయన ఆ గడ్డను వేలితో చిదిమి, "దీనికా అన్నా ఇంత ఖర్చు పెట్టింది!" అన్నాడు. నేనేం చెప్తాను?

గోడలకు మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు కూడా ఇలాంటి రంధ్రాలంటే ఇష్టం. నవ్వే సంగతి కాదిది. 1996లో డొమినికన్ రిపబ్లిక్‌లో విమానం కూలి 189 మంది పోయారు. వేగం కొలిచే గొట్టం మూసుకుపోయిందని, అలాంటి కందిరీగ గూడే కారణమై ఉంటుందని అప్పట్లో విచారణ చేసినవాళ్లు అనుమానించారు. బోటుకు అంత ప్రమాదం లేదు, కానీ షెడ్డులో పెట్టేటప్పుడు రంధ్రం మీద చిన్న టేపు ముక్క అంటిస్తే పోయేదేముంది? తీసేటప్పుడు గుర్తుంటే చాలు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ మీటర్లను చంపే అపోహ: "పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే క్లియర్ అయిపోతుంది." ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఊరంతా పాకింది. కొట్టించండి, వద్దనను. కానీ ముందు మీటరు వెనక గొట్టం ఊడదీయండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఆ గొట్టంలో పుట్టే ఒత్తిడి 14 పీఎస్‌ఐ (టైర్లకు గాలి కొట్టేటప్పుడు చెప్పే లెక్కే), బైకు టైరులో ఉండే గాలిలో సగం. 80 దాకా అంకెలున్న మీటరు తట్టుకోవాల్సింది 36 పీఎస్‌ఐ. కంప్రెసర్ ట్యాంకులో వంద దాటి ఉంటుంది.

ఈ పాఠం నాకు ఎవరూ చెప్పలేదు, నేనే డబ్బు కట్టి నేర్చుకున్నా. మొదట్లో ఒక బోటుకు కింద రంధ్రం దగ్గర నాజిల్ ఆనించి ట్రిగ్గర్ నొక్కాను. పైన కుర్రోడు అరిచాడు. వెళ్లి చూస్తే ముల్లు ఆఖరి అంకె దాటి, దాన్ని ఆపే చిన్న మేకు పక్కన వంగి నిలబడిపోయింది. బోటు గట్టు మీద, మీటరు మాత్రం 80 మీద. ఆ ముల్లు మళ్లీ వెనక్కి రాలేదు. మీటరు బాగానే ఉండింది, శుభ్రం చేస్తానని చంపింది నేను.

అందుకే ఇప్పుడు నా పద్ధతి ఇది. గొట్టం మీటరు దగ్గర ఊడదీసి, ఇంజిన్‌ను నీళ్లలోకి దించి, సైకిల్ పంపుతో పైనుంచి కిందికి కొడతాను. కింద రంధ్రం దగ్గర బుడగలొస్తే దారి ఉన్నట్టు. రాకపోతే తీగ పని. బుడగలు వేరే చోట వచ్చినా, గాలి దారిలోనే బుస్సుమన్నా గొట్టం పగిలింది. ముఖ్యంగా ఇంజిన్ అటూ ఇటూ తిరిగే చోట ఒంగి ఒంగి చీలుతుంది, మన ఎండకు గట్టిపడి ముందే చీలుతుంది, ఎలకలు సరేసరి. తర్వాత మీటరు పరీక్ష. మందుల షాపులో 20 ఎంఎల్ సిరంజి తెచ్చి, పిస్టన్ పూర్తిగా వెనక్కి లాగి, చిన్న గొట్టం ముక్కతో మీటరుకు తగిలించి, మెల్లగా సగం దాకా నొక్కండి. ముల్లు 40 కిలోమీటర్లు దాటి లేచి, వేలు అలాగే పట్టుకున్నంతసేపు నిలబడితే మీటరు బంగారం. సిరంజి అతుకు గట్టిగా ఉన్నా మెల్లగా దిగిపోతుంటే మాత్రం లోపల లీకు. అప్పుడు కొనండి కొత్తది.

మిగతావి గబగబా చెప్పేస్తా.

"ఫ్యూజు పోయిందేమో?" ఈ రకం మీటరుకు వచ్చే వైర్లు లైటు కోసమే. అడుగున చిన్న చక్రం తిరిగే రకమైతే ఫ్యూజు, వైర్లు చూడాలి. దానికన్నా ముందు ఆ చక్రానికి చుట్టుకున్న నాచు తీయాలి.

"మెల్లగా పోతే ముల్లు లేవదు." లేవదు. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతు అవుతుంది. 10 కిలోమీటర్ల దగ్గర అది అర పీఎస్‌ఐ, దానికి ముల్లేం కదులుతుంది? రోగం కాదది.

"ఆ రంధ్రం మూసుకుంటే ఇంజిన్ వేడెక్కుతుంది." ఇంజిన్ చల్లబడే నీళ్ల దారి వేరు. ఇంజిన్ వెనక సన్నగా చిమ్మే నీటిధార ఆగితే మాత్రం వెంటనే ఆఫ్ చేయండి. మీటరు సంగతి తర్వాత.

2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ప్రమాదం తర్వాత బోటెక్కేవాళ్లకు ప్రతిదీ భయమే, వాళ్ల తప్పు లేదు. ఒకసారి ఒక పెద్దమ్మ సున్నా మీదున్న ముల్లు చూసి నా చొక్కా పట్టుకుంది. "నాయనా, అది తిరక్కుంటే మునిగిపోతామా?" లేదమ్మా, ఆ ముల్లు బోటును తేల్చదు, ముంచదు. నువ్వు వేసుకున్న లైఫ్ జాకెట్ బకిల్ పడిందా, ఎక్కువమందిని ఎక్కించారా, అవి చూసుకో అన్నాను. నిజంగానే బకిల్ వదులుగా ఉండింది, బిగించాను.

ఆఖరుగా ఒకటి. "ఫోన్‌లో జీపీఎస్ 32 చూపిస్తోంది, మీటరు 20 దగ్గరే ఉంది, పాడైందన్నా" అని ఒక పిల్లోడు కొత్త మీటరు కొనుక్కుని మరీ వచ్చాడు. పారే నీళ్లలో ఈ రెంటికీ తేడా ఉండేదే, జీపీఎస్ నేల మీద లెక్క చెప్తుంది, మీటరు నీళ్ల మీద లెక్క. కానీ నిలిచిన జలాశయంలో ఇంత తేడా రాదు. పాత మీటరు ముఖం గుడ్డతో తుడిచాను. మసి కింద చిన్న అక్షరాలు బయటపడ్డాయి: ఎంపీహెచ్. 20 మైళ్లంటే 32 కిలోమీటర్లే. కొత్తది సీలు విప్పలేదు కాబట్టి షాపుకు తిరిగి పంపించాం.