ఊడిపోయే బెల్టే మంచి బెల్టు: పిల్లి కాలర్ మీద అపోహలు – వాస్తవాలు

భీమవరంలోనైనా అమలాపురంలోనైనా ఫ్యాన్సీ షాపుకెళ్లి పిల్లికి బెల్టు కావాలంటే, చాలాసార్లు కుక్కపిల్లల కోసం వచ్చినవాటిలోంచే సన్నంగా ఉన్నది ఒకటి తీసి ఇస్తారు. కొనేవాళ్లు కూడా రంగు చూస్తారు, గంట మోగించి చూస్తారు, రెండు చేతులా లాగి గట్టిగా ఉందో లేదో చూస్తారు. పశువైద్యం చేసే మేం ముందు చూసేది వేరు. ఆ బెల్టు ఎక్కడైనా తగులుకుంటే, మనిషి సాయం లేకుండా పిల్లి బయటపడగలదా?

అపోహ: బెల్టు గట్టిగా ఉండాలి, ఎంత లాగినా ఊడకూడదు

ఇది కుక్కల లెక్క. కుక్క నేలమీద తిరుగుతుంది, గొలుసు మన చేతిలో ఉంటుంది. పిల్లి దారి వేరు. పెంకుటింటి వాసాల సందులోంచి అటకమీదకి, అటకమీంచి గోడమీదకి, గోడ దిగితే కొబ్బరిమట్టల దడి. చెరువులున్న ఊళ్లలోనైతే రొయ్యల చెరువు చుట్టూ పీతలు రాకుండా కట్టిన వల, పైన కొంగలు వాలకుండా లాగిన దారాలు. చేపవాసన తగిలాక పిల్లిని అక్కడికి వెళ్లొద్దని ఎవరు ఆపుతారు? దడిలో పుల్లకో, వలకన్నుకో బెల్టు తగులుకుంటే పిల్లి వెనక్కి గింజుకుంటుంది. గోడ దూకేటప్పుడు తగులుకుంటే ఒంటి బరువంతా మెడమీదే పడుతుంది. ఊడని బెల్టు అక్కడ ఉరితాడే.

అందుకే బ్రేక్‌అవే క్లిప్పున్న బెల్టు కొనమంటాం. మామూలు క్లిప్పు రెండు పక్కలా నొక్కితేనే వదులుతుంది. బ్రేక్‌అవే క్లిప్పుని నొక్కక్కర్లేదు, గట్టిగా లాగితే ఊడొచ్చేస్తుంది. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి కాబట్టి క్లిప్పు విప్పి, లోపలికి దూరే కొసలు చూడండి. మామూలుదానికి గాలంముల్లులా పదునైన మెట్టు ఉంటుంది. బ్రేక్‌అవే దానికి ఆ మెట్టు అరగదీసినట్టు గుండ్రంగా ఉంటుంది.

కొన్నాక ఇంట్లో ఒక పరీక్ష చేయండి. బెల్టుని పిల్లి మెడ కొలతకి సరిచేసి, క్లిప్పు పెట్టి, గోడమేకుకి తగిలించండి. క్లిప్పు మేకు దగ్గరా అడుగునా కాకుండా ఒక పక్కకి రావాలి. బెల్టు అడుగున గుడ్డసంచి వేలాడదీసి, కొలిచిన బియ్యం పోస్తూ వెళ్లండి. మన నాటుపిల్లి ఎదిగాక 3 నుంచి 4 కిలోలు ఉంటుంది. అందులో సగానికి, అంటే 2 కిలోలకి అటూ ఇటూగా ఊడిపోవాలన్నది మా లెక్క. 3 కిలోలు పోసినా వేలాడుతూనే ఉంటే ఆ బెల్టు పిల్లికి పనికిరాదు. అరకిలోకే ఊడిందా, రోజూ అరటిచెట్ల కింద వెతుక్కోవాల్సిందే. బురద ఎండి క్లిప్పులో పేరుకుంటే బిగుసుకుపోతుంది గనక నెలకోసారి చేత్తో లాగి చూడాలి.

‘ఊడిపోయేదానికి డబ్బులెందుకు పెట్టాలండీ’ అని అడుగుతారు. ఊడిపోవడం మనం అనుకునేంత ఎక్కువ కాదు. అమెరికాలో 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 538 పిల్లులకి మూడు రకాల బెల్టులు వేసి ఆరు నెలలు గమనించారు. వాటిలో 391 పిల్లులు చివరిదాకా బెల్టుతోనే ఉన్నాయి. 18 పిల్లులకి మాత్రం కనీసం ఒక్కసారైనా బెల్టులో ముందుకాలు దూరడమో, నోట్లో ఇరుక్కోవడమో, బెల్టు దేనికో తగులుకోవడమో జరిగింది. 538లో 18 అంటే కొద్దే అనిపించొచ్చు. అక్కడ యజమానులు కనిపెట్టుకుని ఉన్నారన్నది మరవకండి.

అపోహ: ఎలాస్టిక్ ఉంటే చాలు, అదే సేఫ్టీ. వదులుగా ఉంటే ఇంకా సుఖం

మా దగ్గరకొచ్చే బెల్టు గాయాల్లో బాగా తిప్పలు పెట్టేది ఇక్కడే మొదలవుతుంది. ఎలాస్టిక్ సాగుతుంది కాబట్టి తల బయటికొచ్చేస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. తల రావడానికి ముందే ఆ సందులో ముందుకాలు దూరుతుంది. వదులు బెల్టుకీ అదే జబ్బు. పిల్లి మెడ గోక్కుంటూ, ఒళ్లు నాక్కుంటూ కాలు అందులో పెట్టేస్తుంది. ఇక బెల్టు ఒక పక్క మెడమీదనుంచి రెండో పక్క చంక కిందికి జంధ్యంలా పడుతుంది. వేసే ప్రతి అడుగుకీ చంకలో రంపంలా రాసుకుంటుంది. ముందు బొచ్చు పోతుంది, తర్వాత తోలు లేస్తుంది, ఆ తర్వాత కండ కోసుకుపోతుంది. చంకలో చర్మం ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి కుట్లు వేసినా విడిపోతుంటాయి. కొన్నిటికి మానడానికి నెలలు పడుతుంది. ముసురు రోజుల్లోనైతే ఈగలు వాలి పురుగులు పడతాయి.

వదులు బెల్టు ఇంకో పని చేస్తుంది. పిల్లి దాన్ని పళ్లతో లాగబోతే కింది దవడ అందులో ఇరుక్కుంటుంది. నోరు మూతపడదు, చొంగ కారుతుంది, రెండు కాళ్లతో మొహాన్ని రక్కుకుంటుంది. చూసినవాళ్లు గొంతులో ముల్లు గుచ్చుకుందనుకుంటారు. ముందు గడ్డం కింద చూడండి.

ఇలా ఇరుక్కున్నప్పుడు తలమీదుగా లాగకండి. తువ్వాలు చుట్టి ఒకరు పట్టుకోవాలి. రెండోవాళ్లు బెల్టుకీ చర్మానికీ మధ్య వేలు దూర్చి, మొన గుండ్రంగా ఉన్న కత్తెరతో వేలు పక్కగా కత్తిరించాలి. బెల్టు అప్పటికే చర్మంలోకి దిగిపోయి ఉంటే ఇంట్లో ముట్టుకోవద్దు, అలాగే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. పుండు మీద సున్నం, కిరోసిన్ పోసి తేవడం వల్ల మాకు పని, పిల్లికి బాధ రెండూ పెరుగుతాయి.

సరైన బిగువు ఎంత? మెడకీ బెల్టుకీ మధ్య మీ చూపుడువేలు, మధ్యవేలు పక్కపక్కనే పెట్టి దూరిస్తే ఇరుగ్గా పట్టాలి. మూడో వేలు పట్టకూడదు. తర్వాత బెల్టుని మెల్లగా గడ్డం మీదికి జరపండి. కింది దవడ దాటి వస్తోందంటే ఇంకొంచెం బిగించాలి. కొనేముందు మెడచుట్టూ దారం పెట్టి, దాన్ని స్కేలుమీద కొలవండి. ఎదిగిన పిల్లికి ఎక్కువగా 20 నుంచి 28 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. బెల్టు పెట్టేటప్పుడు పిల్లి మెడ బిగబట్టడం మామూలే, పది నిమిషాలాగి మళ్లీ వేళ్లు పెట్టి చూడాలి.

వెడల్పు ఒక సెంటీమీటరు చాలు. బెల్టు, గంట, బిళ్ల అన్నీ కలిపి మూడు అయిదు రూపాయల నాణేల బరువు, అంటే 18–20 గ్రాములు దాటకుండా చూడండి. తోలు బెల్టు అందంగానే ఉంటుంది కానీ, మన ముసురుకి తడిసి, ఎండి, గట్టిపడి అంచులు కోస్తాయి. బూజు కూడా పడుతుంది. నైలాన్ పట్టీదే మేలు. వానాకాలంలో రెండు రోజులకోసారి తీసి, మెడని పొడిగుడ్డతో తుడిచి, బెల్టు ఆరాకే పెట్టండి. ఒక పిల్లి బెల్టు ఇంకోదానికి వేయొద్దు, తామర అలాగే పాకుతుంది. ఇంట్లో పిల్లలకీ అంటుతుంది.

అపోహ: దిష్టితాడు బెల్టు కాదుగా, దానివల్ల ఏమవుతుంది?

నిజానికి అన్నిటికంటే ప్రమాదం అదే. సన్నటి నైలాన్ తాడు, ఊడని ముడి, దానికో గవ్వ. పిల్లిపిల్లకి రెండు నెలలప్పుడు కడతారు, మర్చిపోతారు. పిల్ల నెలకి ఇంచుమించు అరకిలో చొప్పున పెరుగుతుంది, తాడు పెరగదు. పైన బొచ్చు కప్పేస్తుంది కాబట్టి కళ్లకి కనపడదు. మెడ దగ్గర తడి, దుర్వాసన వచ్చాక వేలుపెట్టి తడిమితే తాడు చర్మం కింద తగులుతుంది. దిష్టి మీద నమ్మకం ఉంటే ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేయండి, మెడ జోలికి మాత్రం పోకండి. ఆరు నెలల లోపు పిల్లకి అసలు బెల్టే వద్దంటాం. తప్పదంటే వారం వారం వేళ్లు పెట్టి చూసి వదులు చేయాలి.

అపోహ: గంట కడితే పిల్లికి చెవుడు వస్తుంది / గంట కడితే ఇక వేటాడదు

రెండూ నిజం కాదు. చిన్న గంట చప్పుడుకి చెవుడు రాదు. చాలా పిల్లులు నాలుగైదు రోజుల్లో అలవాటు పడతాయి. వేట తగ్గుతుంది తప్ప ఆగదు. బ్రిటన్‌లో చేసిన పరిశీలనల్లో గంట ఉన్న పిల్లులు ఇంటికి తెచ్చే వేట మూడోవంతు నుంచి సగం దాకా తగ్గింది. పిచ్చుకలు గూడు పెట్టుకున్న ఇంట్లో గంట మంచిదే. ధాన్యం బస్తాల దగ్గర ఎలుకల కోసమే పిల్లిని పెంచుతూ మెడకి గంట కట్టడం మాత్రం కాపలావాడికి తప్పెట ఇచ్చి పంపడమే. గంట సందు సన్నగా ఉన్నది చూసుకోండి. సందు పెద్దదైతే గోరు దూరి ఇరుక్కుంటుంది.

అపోహ: కుక్కల పిడుదుల బెల్టు పిల్లికి కూడా వేయొచ్చు, సైజు సరిపోతే చాలు

ఇక్కడ ప్రాణం పోతుంది. కుక్కల కోసం చేసిన మందుబెల్టుల్లో, మెడమీద వేసే చుక్కలమందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్, అమిట్రాజ్ అనే పురుగుమందులు ఉంటాయి. కుక్క తట్టుకునే మోతాదు పెర్మెత్రిన్‌ని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. ఆ పని చేసే ఎంజైము దానికి చాలా తక్కువ. చెవులు అదరడం, చొంగ కారడం, ఒళ్లంతా వణుకు, ఫిట్స్ వస్తాయి. గేదెలకి కొట్టే పిడుదుల మందులో గుడ్డపేలిక ముంచి పిల్లి మెడకి కట్టడం కూడా ఇదే కోవలోది. ఆ సీసాల్లో ఉండేది ఎక్కువగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్. కర్పూరం, కలరా ఉండలు, యూకలిప్టస్ నూనె పూసిన బెల్టులు ‘సహజం’ అన్నంతమాత్రాన మంచివి కావు. పిల్లి ఒళ్లు నాక్కునే జంతువు, మెడమీద ఉన్నది పొట్టలోకి వెళ్లాల్సిందే.

పొరపాటున వేశారా, వెంటనే తీసేసి, గోరువెచ్చని నీళ్లతో గిన్నెలు తోమే ద్రవం పెట్టి మెడ కడగండి. వేడినీళ్లు వద్దు. తుడిచి, గుడ్డలో చుట్టి, మందు ప్యాకెట్ చేత్తో పట్టుకుని బయల్దేరండి. వణుకు మొదలయ్యేదాకా చూద్దామనుకోవద్దు. పిల్లుల కోసమే చేసిన మందుబెల్టులు దొరుకుతాయి. ప్యాకెట్ మీద పిల్లి అని స్పష్టంగా ఉండాలి, దాని వయసుకి సరిపోవాలి, అదీ లాగితే ఊడేదై ఉండాలి.

అపోహ: కొత్తగా తెచ్చిన పిల్లిని బెల్టుకి తాడేసి కట్టేస్తే ఇల్లు అలవాటవుతుంది

మంచం కోడుకి కట్టిన పిల్లి తాడు చుట్టుకుని ఉక్కిరిబిక్కిరవుతుంది, లేదా బెల్టు ఊడబెరుక్కుని పారిపోతుంది. ఒక గదిలో పెట్టి, అక్కడే తిండి, నీళ్లు, ఇసుక ట్రే పెట్టి రెండు వారాలు ఉంచితే చాలు. పట్టుకుని బయటికి తీసుకెళ్లాలంటే ఛాతీచుట్టూ వచ్చే హార్నెస్ వాడాలి.

అపోహ: ఇంట్లోనే ఉండే పిల్లికి, చిప్ వేయించిన పిల్లికి బెల్టు దండగ

మైక్రోచిప్ అంటే సూదితో చర్మం కిందికి ఎక్కించే చిన్న గుర్తింపు చిప్. అది మంచిదే, అందులోని 15 అంకెల నంబరు జీవితాంతం చర్మం కిందే ఉంటుంది. కానీ దాన్ని చదవడానికి స్కానర్ కావాలి, మీ పిల్లి దొరికిన లంకలో ఎవరి దగ్గరుంటుంది? ఫోన్ నంబరు ఎవరైనా చదవగలరు. వేలాడే బిళ్ల కంటే పట్టీమీదే పర్మనెంట్ మార్కర్‌తో రాసి, లేదా దారంతో కుట్టించి పెట్టడం మేలు, వేలాడేది దేనికో ఒకదానికి తగులుకుంటుంది. బాల్‌పెన్నుతో రాస్తే ఒక్క వానకి పోతుంది. పేరు అక్కర్లేదు, పది అంకెలు చాలు. ఇంటి పిల్లి బయటపడేది ఎక్కువగా దీపావళి టపాసులకీ, సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలతో నిండినప్పుడూ, వరదకీ.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెలిసిన రోజే లంకల్లోవాళ్లు బెల్టుమీద నంబరు చదవడానికి వీలుగా ఉందో లేదో చూసుకోవాలి. గేదెల పలుపులు విప్పాక పిల్లిని వెతకబోతే దొరకదు, అప్పటికే అటకెక్కేసి ఉంటుంది. ముందే కోళ్లగంప కింద పాతచీర పరిచి, ఉడికించిన చేపముక్క పెట్టి పిల్లిని లోపలికి రప్పించండి. పడవలో చేతిమీద పెట్టుకుని తీసుకెళ్లాలనుకోవద్దు.