పీటీహెచ్ నంబర్ ఒకటే, ఎముక మాత్రం వేరు

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళని అందరం క్రియాటినిన్ ఎంత, పొటాషియం ఎంత, హిమోగ్లోబిన్ ఎంత అని అడుగుతాం గానీ ఎముకల సంగతి ఎవరూ అడగరు, కాలు జారి పడి తుంటి విరిగేదాకా. అమెరికాలో లెక్కలు తీస్తే మామూలు జనంతో పోల్చినప్పుడు డయాలసిస్ పేషెంట్లకి తుంటి విరగడం దాదాపు 4 రెట్లు ఎక్కువని తేలింది.

కిడ్నీ పాడైతే ఫాస్ఫరస్ బయటికి పోదు, విటమిన్ డి పనికొచ్చే రూపంలోకి మారదు, రక్తంలో కాల్షియం తగ్గిపోతుంది, అప్పుడు మెడలో థైరాయిడ్ వెనకాల ఉండే బియ్యపుగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్ హార్మోన్ వదిలి ఎముకలోంచి కాల్షియం లాగుతాయి.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. అమెరికాలో నల్లజాతి పేషెంట్లకి సగటున పీటీహెచ్ ఎక్కువ, విటమిన్ డి తక్కువ. రిపోర్ట్ చూసినవాళ్ళెవరైనా ముందు వీళ్ళ ఎముకలే విరుగుతాయంటారు, కానీ తుంటి ఎక్కువగా విరిగేది తెల్లవాళ్ళకి!

లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే ఎముక ముక్క తీసి చూడాల్సిందే. దానికి ముందు పేషెంట్‌కి కొన్ని రోజులు టెట్రాసైక్లిన్ ఇస్తారు, అవును, మనకి తెలిసిన ఆ యాంటీబయాటిక్కే, రెండు వారాలు అటూఇటూగా ఆపి మళ్ళీ ఇస్తారు. ఆ మందు కొత్తగా కట్టుకుంటున్న ఎముకకే అతుక్కుంటుంది. తర్వాత నడుము పక్క ఎముకలోంచి చిన్న ముక్క తీసి పల్చగా కోసి అల్ట్రావయొలెట్ వెలుగులో పెడితే రెండు పసుపు గీతలు మెరుస్తాయి, వాటి మధ్య దూరమే ఆ మధ్య రోజుల్లో పెరిగిన ఎముక. గీతలు దాదాపు కనపడలేదంటే ఎముక నిద్రపోతున్నట్టే, పాతది పోదు, కొత్తది రాదు, సన్న పగుళ్ళు అలాగే పేరుకుంటాయి.

కెంటకీ యూనివర్సిటీ వాళ్ళు 2011లో ఇలాంటి 630 బయాప్సీలు చూస్తే తెల్లవాళ్ళలో 62 శాతం మందికి ఈ నిద్రపోయే ఎముకే, నల్లవాళ్ళలో 68 శాతం మందికి టర్నోవర్, అంటే పాత ఎముక పోయి కొత్తది వచ్చే వేగం, నార్మల్ లేదా ఎక్కువ. కిడ్నీలు బాగున్న నల్లజాతివాళ్ళలో కూడా ఎముక పీటీహెచ్‌కి అంత తొందరగా లొంగదని వేరే పరిశోధనల్లో కనపడింది, అంటే ఒకే నంబర్ ఇద్దరి ఒంట్లో ఒకే పని చెయ్యట్లేదు. పీటీహెచ్ ఎక్కువుంది కదా అని మందులతో గట్టిగా అణిచేస్తే బాగా నడుస్తున్న ఎముకని కూడా నిద్రపుచ్చినట్టవుతుంది, నాకు భయం వేసేది ఇక్కడే.

అలాగని రంగుని బట్టి పీటీహెచ్‌కి వేరే టార్గెట్ పెట్టేద్దామంటే నేను ఒప్పుకోను. జాతి అనేది ఒంట్లో కొలిచే వస్తువు కాదు, సగటు లెక్క మన ఎదురుగా కూర్చున్న మనిషికి సరిపోవాలని లేదు. కిడ్నీ పనితీరు లెక్కల్లో నల్లవాళ్ళకి వేరే గుణకం వాడి వాడి, నష్టం జరుగుతోందని 2021లో తీసెయ్యమన్నారు కదా. బయాప్సీ అన్నిచోట్లా చెయ్యరు కాబట్టి పీటీహెచ్ ఒక్కసారి ఎంతొచ్చిందని కాకుండా నెలనెలా ఎటు పోతోందో చూడాలి, పక్కనే ఎముక నుంచి వచ్చే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా చూడాలి, అది ఎముక కట్టే కణాలే వదిలేది కాబట్టి లోపల పని నడుస్తోందా ఆగిందా అనేది దాంట్లో కొంత తెలుస్తుంది.