మూత్రం పెరగడం ఒక్కటే రుజువు కాదు: ఆకు సారాల మూత్రల పరీక్ష వెనుక చరిత్ర

సంప్రదాయ వైద్యంలో వాడే ఒక మొక్క ఆకు సారానికి మూత్రల గుణం, అంటే మూత్రాన్ని ఎక్కువగా పోయించే గుణం, ఉందని చెప్పే పరిశోధనా పత్రాలు చాలావరకు ఒకే తీరున నడుస్తాయి. ఎలుకలను కొన్ని గంటలు పస్తు ఉంచి, కిలో బరువుకు 25 మిల్లీలీటర్ల చొప్పున ఉప్పునీరు పట్టించి, సారాన్ని తాగించి, ఐదు గంటలలో పోసిన మూత్రాన్ని కొలిచి, మూత్రలంగా పేరున్న ఫ్యూరోసెమైడ్ అనే మందు ఇచ్చిన ఎలుకలతో పోలుస్తారు. ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో, ఏ అవసరానికి పుట్టిందో గమనించకుండా ఆ ఫలితాలను చదివితే ఆకుకు లేని గుణాన్ని అంటగట్టే ప్రమాదం ఉంది.

చరక సంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో మూత్రాన్ని అధికంగా వెడలించే పది ద్రవ్యాలను మూత్రవిరేచనీయ వర్గంగా చెప్పారు. మూత్రాన్ని తగ్గించేవాటికీ, దాని రంగును సరిచేసేవాటికీ అదే అధ్యాయంలో వేరే వర్గాలున్నాయంటే, పరిశీలన ఎంత సూక్ష్మంగా సాగిందో తెలుస్తుంది. పల్లేరు, పాషాణభేదితో పాటు దర్భ, కుశ, రెల్లు ఈ వర్గంలో కనిపిస్తాయి. అయితే ఈ గడ్డిజాతులలో వాడవలసింది వేరు అని ఆ గ్రంథమే చెబుతోంది. సంప్రదాయం వేరును చెప్పినచోట ప్రయోగశాల ఆకును పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని సంప్రదాయానికి రుజువుగా చూపడం సరికాదు.

ఆకు గురించి ఆధునిక వైద్యం నేర్చుకున్న పెద్ద పాఠం ఇంగ్లండ్‌లో మొదలైంది. ఒళ్లంతా నీరు పట్టే జబ్బుకు ష్రాప్‌షైర్‌లో ఒక వృద్ధురాలు రహస్యంగా ఇచ్చే మందుపై అభిప్రాయం చెప్పమని 1775లో వైద్యుడు విలియం విథరింగ్‌ను అడిగారు. ఇరవై దాకా మూలికలున్న ఆ మందులో పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ (డిజిటాలిస్) అనే మొక్క ఒక్కటేనని ఆయన గుర్తించాడు. పదేళ్లపాటు రోగులపై గమనించినదంతా, విఫలమైన సందర్భాలతో సహా, 1785లో ప్రచురించాడు. ఆకును పూత వేళ కోయాలని, పొడి చేసి తూచి ఇవ్వాలని నియమం పెట్టాడు. ఆయన దృష్టిలో అది ప్రధానంగా మూత్రాన్ని వెడలించే మందు. కానీ గుండె కదలికపై దానికున్న శక్తి మరే మందులోనూ కనబడలేదని కూడా ఆయనే రాశాడు. ఆ ఆకు బలహీనపడిన గుండెను గట్టిగా కొట్టుకునేలా చేయడం వల్ల మూత్రపిండాలకు రక్తం సరిగా అంది, మూత్రం పెరిగిందని తరువాతి కాలంలో స్పష్టమైంది. రోగి కాళ్ల వాపు తీసిన ఆకే, కాస్త మోతాదు మించితే ప్రాణం తీసేది. మూత్రం పెరగడాన్ని చూసినంత మాత్రాన మందు ఎక్కడ పనిచేస్తోందో తెలియదనడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో పాదరసపు సూదిమందులు మూత్రలాలుగా రాజ్యమేలాయి. కొత్త పదార్థాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి కొలబద్ద కావలసి వచ్చినప్పుడు, 1943లో లిప్‌షిట్జ్, ఆయన సహచరులు ఎలుకలపై చేసే పరీక్షను ప్రకటించారు. కిలో బరువుకు ఒక గ్రాము యూరియా ఇచ్చినప్పుడు వచ్చే మూత్రంతో పరీక్షా పదార్థపు ఫలితాన్ని భాగిస్తే వచ్చే అంకెనే లిప్‌షిట్జ్ విలువ అంటున్నాము. ఆకు సారాల పరీక్షకు నేటికీ ఆధారం ఇదే.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడపోసి, అందులో 99 శాతాన్ని తిరిగి పీల్చుకుంటాయి. అందుకే ఆ పీల్చుకోవడంలో ఏ చిన్న మార్పైనా మూత్రం పరిమాణంలో పెద్దగా కనిపిస్తుంది. వాపును నిలిపి ఉంచేది సోడియం కాబట్టి, నీటితో పాటు ఉప్పు బయటికి పోయిందా అన్నదే అసలు ప్రశ్న. కార్ల్ బేయర్ బృందం ఉప్పు విసర్జనపైనే దృష్టి పెట్టడం వల్ల 1950ల చివర్లో క్లోరోథయజైడ్ అనే మూత్రల మందు వచ్చింది. ఆకు పరీక్షలలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ కొలిచే అలవాటు కూడా ఈ ఆలోచన నుంచి వచ్చినదే.

ఇక్కడే ఆకుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆకుల్లో పొటాషియం సహజంగానే ఎక్కువ. అది నీటిలో సులువుగా కరుగుతుంది. పొటాషియం లవణాలు వాటంతట అవే మూత్రాన్ని పెంచగలవు. పసుపు పూల మొక్క డాండెలియన్ ఆకుకు మూత్రం పోయించే మొక్కగా ఐరోపాలో పాత పేరుంది, దాని ఆకులో పొటాషియమూ మెండు. 2009లో 17 మందిపై జరిగిన ఒక చిన్న పరీక్షలో ఆ ఆకు సారం తీసుకున్న తరువాతి ఐదు గంటల్లో మూత్రవిసర్జన సార్లు పెరిగాయి. అది ఆకులోని ప్రత్యేక రసాయనం పనా, పొటాషియం పనా అన్నది అలా లెక్కపెట్టినంత మాత్రాన తేలదు.

మోతాదు సంగతీ అంతే ముఖ్యం. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములంటే, ఎలుక మోతాదును మనిషి మోతాదుగా మార్చడానికి శరీర ఉపరితలాన్ని బట్టి వాడే 6.2 అనే భాజకం ప్రకారం, 60 కిలోల మనిషికి దాదాపు 3.9 గ్రాముల ఎండు సారం. ఇంటి కషాయంలో అంత దిగుతుందా అన్నది ఆకును ఆరబెట్టి, కాచి, ఆవిరి చేసి తూస్తే తప్ప తెలియదు. పైగా ఇంట్లో కాచేది నీటితో, ప్రయోగశాలలో తీసేది తరచు మిథనాల్‌తో. ఇక పొటాషియం చిక్కు తేలాలంటే ఇలాంటి ప్రతి పరీక్షలోనూ మరో ఎలుకల గుంపు ఉండాలని నా అభిప్రాయం: అదే సారాన్ని కాల్చగా మిగిలిన బూడిద లవణాలను, సారంలో ఉన్నంత మోతాదులోనే నీటిలో కలిపి ఆ గుంపుకు ఇవ్వాలి. ఆ గుంపులోనూ మూత్రం అంతే పెరిగితే, అది లవణాల పనే అనుకోవాలి.