ఇంట్లో బేకింగ్, మనసుకు ఊరట: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఇంటి దగ్గరే కేకులు, బ్రెడ్డు, బిస్కెట్లు చేయడం నేర్పుతాను. నేర్చుకోవడానికి వచ్చేవారిలో వ్యాపారం పెట్టాలనుకునేవారు కొందరే. పిల్లలు హైదరాబాదు హాస్టళ్లకు వెళ్లాక ఇల్లు బోసిపోయిందనే తల్లులు, ఉద్యోగ విరమణ చేసినవారు ఎక్కువ. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: తీపి తింటే మనసు తేలికపడుతుంది, బేకింగ్‌లో హాయి అంతా అదే.

వాస్తవం: తీపి ఇచ్చే సంతోషం నాలుక మీద ఉన్నంతసేపే. ఊరట దొరికేది చేసే పనిలో. మన జిల్లా బత్తాయి తోటలకు పేరు కదా, బత్తాయి కేకునే తీసుకోండి. కాయను బాగా కడిగి తుడిచి, పై తొక్కను మాత్రం సన్నగా తురమాలి. కింది తెల్ల పొర కలిస్తే చేదు. ఆ తురుమును చక్కెరలో వేసి వేళ్ల కొసలతో నలపండి. తొక్కలోని నూనె దిగి, పొడిపొడిగా ఉన్న చక్కెర తడి ఇసుకలా ముద్దకడుతుంది. గదంతా బత్తాయి వాసన. చేతికి పని, ముక్కుకు వాసన, కంటి ముందు మార్పు ఉన్న ఆ కాసేపు, నిన్నటి గొడవను తలచుకోవడానికి మనసుకు తీరిక ఉండదు.

వాసనకు ఇంకో బలం ఉంది. చూపు, వినికిడి సంకేతాలు మెదడులో ముందుగా థాలమస్ అనే భాగాన్ని దాటి రావాలి. వాసన మాత్రం భావోద్వేగాలను, జ్ఞాపకాలను నడిపే అమిగ్డాలా, హిప్పోకాంపస్‌లకు దగ్గరి దారిలో చేరుతుంది. కేకు పైభాగం ఎర్రబడేటప్పుడు చిన్ననాటి బేకరీయో, లేని మనిషో చటుక్కున గుర్తుకు రావడం అందుకే. అలా కళ్లలో నీళ్లు తిరిగితే తిరగనివ్వండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

అపోహ: గ్రాముల లెక్కలు టెన్షన్ పెంచుతాయి.

వాస్తవం: నేను చూసినంతవరకు దీనికి పూర్తిగా ఎదురు. దుఃఖంలో ఉన్నవారికి నిర్ణయం తీసుకోవడమే పెద్ద బరువు. ‘ఇవాళ ఏం కూర?’ అన్న ప్రశ్నకే విసుగొస్తుంది. ఇక్కడ 125 గ్రాముల మైదా అంటే 125 గ్రాములే, ఆలోచించే పని లేదు. పైగా రోజువారీ వంట వెనుక బడి గంట, ఆఫీసు క్యారియరు తరుముతుంటాయి. కేకు కోసం ఎవరూ వాకిట్లో నిలబడరు. పిండి లోపల పెట్టాక కలపడానికీ, ఉప్పు చూడడానికీ ఏమీ ఉండదు, ఊరికే కూర్చోవాలి. రోజంతా ఇల్లు మోసే ఆడవాళ్లకు ఆ అరగంట ఎంత అవసరమో చెప్పలేను.

అపోహ: ఓవెన్ లేనిదే కుదరదు.

వాస్తవం: పాత మందపాటి కుక్కరు చాలు. గాస్కెటు, విజిలు తప్పనిసరిగా తీసేయాలి. నీళ్లు పోయకూడదు. అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడి చేసి సన్న మంట మీద వండాలి. మొదటి అరగంట మూత తీయవద్దు.

అపోహ: కేకు చెడిపోతే ఉన్న కాస్త ఉత్సాహమూ పోతుంది.

వాస్తవం: ‘నా చేతికి ఏదీ రాదు’ అనుకున్నప్పుడే పోతుంది. ప్రతి వైఫల్యానికీ కారణం ఉంటుంది. పెరుగు, వంటసోడా కలిసిన వెంటనే గ్యాసు పుడుతుంది, గిన్నె అలాగే ఉంచితే అది వెళ్లిపోయి కేకు అణిగిపోతుంది. జొన్నపిండిలో పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ లేదు, అందుకే కేకు విరిగిపోతుంది. మైదాలో పావు వంతు కలిపితే నిలుస్తుంది. ఈస్టు పిండికి మన ఎండాకాలంలో చల్లని నీళ్లు వాడాలి, లేకపోతే చూస్తుండగానే పొంగి పులిసిపోతుంది. పాలమూరు సీతాఫలం గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది, చల్లారిన కేకు మీద క్రీములో కలిపి వేయాలి. వీటిలో ఏదీ మీ చేతి దోషం కాదు.

అపోహ: బేకింగ్ చేస్తే డిప్రెషన్ తగ్గిపోతుంది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు భయమేస్తుంది. కుంగుబాటుకు చేసే చికిత్సల్లో, రోజూ చేయగలిగిన చిన్న పనులను ముందే అనుకుని చేయించే పద్ధతి ఒకటి ఉంది. అలాంటి పనుల్లో బేకింగ్ ఒకటి కావచ్చు, అంతవరకే. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి, ఆసక్తి తగ్గినా డాక్టరును కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగవద్దు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. తరగతిలో ఎవరైనా అలాంటి బాధ చెప్పుకుంటే ముందు ఆ నంబరే రాసిస్తాను, వాళ్లు ఒప్పుకుంటే పక్కనే కూర్చుని ఫోను చేయిస్తాను.