కోడ్‌లో తప్పు లేకపోయినా థ్రెడ్ ఎందుకు ఆగుతుంది? అపోహలు - వాస్తవాలు

బరంపురంలో ఇంటి నుంచే లైనక్స్ సర్వర్ల పని చూస్తాను. రాయగడ, గుణుపురం నుంచి ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్లు ఫోన్ చేసి, "అన్నా, కోడ్ అంతా చూశాం, తప్పు దొరకలేదు. అయినా ఉన్నట్టుండి రిక్వెస్ట్ ఆగిపోతోంది" అంటారు. పాపం, రాత్రంతా టెన్షన్ పడి ఉంటారు. ఆ రిక్వెస్ట్ పని చూసే థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే ఒక పని వరుస) ఎక్కడో ఆగి ఉండొచ్చు.

అపోహ: సీపీయూ 30 శాతమే వాడుతున్నాం, కొరత ఎక్కడిది?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కంటైనర్‌కి (ప్రోగ్రాంను హద్దులు పెట్టి విడిగా నడిపే పెట్టె లాంటిది) రెండు సీపీయూల కోటా ఇచ్చారనుకోండి. మామూలుగా కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) దాన్ని ప్రతి 100 మిల్లీసెకన్లకూ 200 మిల్లీసెకన్ల సీపీయూ సమయంగా లెక్కగడుతుంది. ఎనిమిది థ్రెడ్లు ఎనిమిది కోర్ల మీద ఒక్కసారిగా పరుగెత్తితే 25 మిల్లీసెకన్లకే కోటా ఖర్చు. మిగతా 75 మిల్లీసెకన్లూ అన్నీ ఆగాల్సిందే. సగటు చూస్తే మాత్రం అంతా ప్రశాంతం! సీగ్రూప్‌లోని (కెర్నల్ ఈ కోటాలు అమలు చేసే చోటు) సీపీయూ.స్టాట్ ఫైల్లో ఎన్ఆర్_థ్రాటిల్డ్ (కోటా అయిపోయి ఎన్నిసార్లు ఆపిందో చెప్పే) అంకె పెరుగుతోందేమో ముందు చూడండి.

పార్వతీపురం మీదుగా వచ్చే బండి రాయగడ అవుటర్‌లో నిలబడితే ఇంజన్ పాడైందని మనం అనుకోం, లైన్ ఖాళీ లేదంటాం. థ్రెడ్ విషయంలోనూ అదే ఓపిక కావాలి.

అపోహ: ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) షెడ్‌స్టాట్, అంటే సీపీయూ వాడకం, ఎదురుచూపుల లెక్క చెప్పే ఫైల్, చూస్తే చాలు.

అందులో కనిపించేది మెయిన్ థ్రెడ్ లెక్క మాత్రమే. ఆ ప్రాసెస్ కింద ఉండే టాస్క్ డైరెక్టరీలోకి వెళ్లి ఒక్కో థ్రెడ్‌దీ విడిగా చదవాలి. అక్కడి మూడు అంకెల్లో రెండోది, సీపీయూ కోసం వరుసలో నిలబడ్డ సమయం, నానోసెకన్లలో.

అపోహ: లోడ్ యావరేజ్ (సిస్టం మీద సగటు పని భారం చెప్పే అంకె) పెరిగితే సీపీయూ చాలడం లేదని అర్థం.

కాదు. లైనక్స్ అందులో డి స్థితిలో (డిస్కు లాంటి వాటి కోసం, మధ్యలో లేపలేని నిద్రలో) ఉన్నవాటినీ కలుపుతుంది. డిస్కు నెమ్మదించినా ఆ అంకె పెరుగుతుంది.

అపోహ: ఒక థ్రెడ్ మెమరీ పని ఇంకో థ్రెడ్‌కి అడ్డం రాదు.

వస్తుంది. ఒక ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నిటికీ అడ్రస్ స్పేస్ (మెమరీ చిరునామాల పటం) ఒక్కటే, దానికి ఎంమ్యాప్_లాక్ అనే తాళమూ ఒక్కటే. ఒక థ్రెడ్ పెద్ద ఫైల్‌ని మెమరీలోకి మ్యాప్ చేస్తూ, తీసేస్తూ ఉంటే, ఏ సంబంధమూ లేని థ్రెడ్ పేజ్ ఫాల్ట్ (కావాల్సిన మెమరీ పేజీ సిద్ధంగా లేక కెర్నల్ సాయం తీసుకునే చోటు) దగ్గర ఇరుక్కోవచ్చు. 2023లో వచ్చిన 6.4 కెర్నల్ నుంచి ఈ బాధ కొంత తగ్గింది. పాత కెర్నల్ మీద ఉన్నవాళ్లు దీన్ని తప్పక అనుమానించాలి.

ఆగినచోటు పట్టుకోవడానికి ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం కెర్నల్‌కి చేసే పిలుపులు చూపే టూల్) తగిలిస్తే ప్రోగ్రామే బాగా నెమ్మదిస్తుంది, కొలత చెడుతుంది. నేను పర్ఫ్ షెడ్ రికార్డ్ (థ్రెడ్లు సీపీయూ ఎక్కడం, దిగడం రాసుకునే కమాండ్) కొన్ని సెకన్లు నడిపి టైమ్‌హిస్ట్ (ఆ రికార్డును కాలక్రమంలో చూపే కమాండ్) చూస్తాను. షెడ్ డిలే ఎక్కువుంటే, థ్రెడ్ లేచి కూడా సీపీయూ దొరక్క నిలబడిందన్నమాట. వెయిట్ టైమ్ ఎక్కువుంటే దాన్ని లేపాల్సింది ఎవరో, లాకో డిస్కో నెట్‌వర్కో, అటు వెతకండి.