మే నెలలో చూసి కొన్న ప్లాటు

"సార్, అక్కడ చెరువే లేదు కదా, ఎఫ్‌టీఎల్ ఎక్కడిది?" హైదరాబాద్ చుట్టూ లేఅవుట్లకు ఇరవై ఏళ్లుగా సర్వే చేస్తున్నాను. వారానికి ఒకరైనా ఈ మాట అడుగుతారు. అప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు.

అపోహ: నీళ్లు లేకపోతే అది చెరువు కాదు.

వాస్తవం: ఇవాళ నీళ్లు ఎక్కడున్నాయో చూసి ఎఫ్‌టీఎల్ గీయరు. మత్తడి, అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు, దాని అంచు దాకా నిండితే నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో అదే గీత. నాలుగేళ్లు వానలు లేకపోయినా ఆ గీత కదలదు. మన చెరువుల్లో చాలావి వానకు నిండి ఎండకు వట్టిపోయేవే, అందుకే బ్రోకర్లు ఏప్రిల్, మే నెలల్లో చూపిస్తారు. గీత దాటాక ఇల్లు కట్టకూడని బఫర్ ఉంటుంది: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9. చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాకే ఈ బఫర్ పెట్టారంటారు కొందరు. హైడ్రా వచ్చింది 2024లో, ఈ లెక్క 2012 బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది.

"పట్టా ఉందండీ" అంటారు. ఉంటుంది, శిఖం పట్టా, అంటే చెరువు లోపలి భూమికి ఇచ్చింది. నీళ్లు తగ్గాక పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు. రిజిస్ట్రేషన్ అయిందా? సబ్ రిజిస్ట్రార్ వచ్చి మత్తడి చూడడు కదా!

ఓ మే నెలలో మూల రాయి పాతబోతుంటే తీతువు పిట్ట ఒకటి అరుస్తూ తల మీదికి దూకింది. కాళ్ల దగ్గరే గుడ్లు, గులకరాళ్లలో కలిసిపోయి. కొనబోతున్న ఆవిడ "అయ్యో, రాయి కాస్త పక్కకు జరపండి" అంది. వద్దని చెప్పి మ్యాపు విప్పాను. మేం నిలబడ్డ చోటు ఎఫ్‌టీఎల్ లోపలే ఉంది. ఇచ్చిన అడ్వాన్సు ఐదు లక్షలు. ఆవిడ ఆ గట్టు మీదే కూర్చుండిపోయింది. ఏడాది తిరిగితే సగం వెనక్కొచ్చింది. అలాంటివాళ్లను "ముందే చూసుకోవద్దా" అని తిట్టేవాళ్లంటే నాకు మంట.

అపోహ: చెరువు చుట్టూ రాతి గోడ, లైట్లు, వాకింగ్ ట్రాక్ వేస్తే పక్షులకూ మంచిదే.

నిలువు గోడ కడితే బురద అంచు పోతుంది. ఉల్లంకి పిట్టలకు మేత దొరికేది అక్కడే. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించిన అమీన్‌పూర్ చెరువుకు చలికాలంలో ఓ పొద్దున వెళ్లి, అవి ఎక్కడ నిలబడి తింటున్నాయో చూడండి. మీ ప్లాటు అమ్మినవాడు "ఖాళీ స్థలం" అన్నది అలాంటి అంచునే.

అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు కడితే సరిపోతుందా? ఎఫ్‌టీఎల్‌లో వర్తించదు. పక్కవాళ్లు ఇల్లు కట్టారా? వాళ్ల టెన్షన్ వాళ్లకుంది.

డబ్బు కట్టేముందు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులో సర్వే నంబరు వెతకండి. తర్వాత ఊళ్లో పెద్దవాళ్లను మత్తడి ఎక్కడుందో, 2020 అక్టోబరు వానలకు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో అడగండి. నేనైతే మ్యాపు తెరవకముందే అడుగుతాను.